నిషేధం తర్వాత ఇంట్లో మిగిలిందేమిటి? అల్బేనియాలో మతం, రాజ్యం

(ఆదివారం సాయంత్రం ప్రసంగానికి అక్షరరూపం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

"బయటి ప్రపంచానికి తలుపులు మూసుకున్న నియంతృత్వంలో మతం" అని కరపత్రంలో చూసి, మీలో చాలామంది ఉత్తర కొరియా గురించి విందామని వచ్చి ఉంటారు. క్షమించాలి, నేను అల్బేనియా గురించి మాట్లాడతాను. ఎందుకంటారా? ఉత్తర కొరియా కథ ఇంకా నడుస్తోంది. అక్కణ్ణుంచి పారిపోయి వచ్చినవాళ్లు చెప్తే తప్ప లోపలి సంగతి మనకి తెలీదు. అల్బేనియా కథ ముగిసింది. జైళ్లు తెరిచారు, పోలీసు ఫైళ్లు తెరిచారు, బతికి బయటపడ్డవాళ్లు మాట్లాడారు. మతాన్ని పూర్తిగా నిషేధించి, ఆ నిషేధాన్ని ఎత్తేస్తే ఏమవుతుంది? దీనికి జవాబు దొరికే దేశం అది.

ఇంకో తేడా కూడా ఉంది. ఉత్తర కొరియా పైకి ఒక ముఖం పెట్టుకుంది. 1988లో ప్యాంగ్యాంగ్‌లో బొంగ్సు అనే ప్రొటెస్టంట్ చర్చి, జాంగ్‌చుంగ్ అనే క్యాథలిక్ చర్చి కట్టి వచ్చిన విదేశీయులకి చూపిస్తుంది. మత స్వేచ్ఛ ఉందని రాజ్యాంగంలో రాసుకుంది. అల్బేనియాకి ఆ మొహమాటం లేదు. మేం ఏ మతాన్నీ గుర్తించం అని రాజ్యాంగంలోనే రాసేసింది. సోవియట్ యూనియన్ చేయని పని అది. చైనా కూడా చేయలేదు.

ముందు దేశం ఎంతదో చూడండి. 28,748 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణలో నాలుగో వంతు. గ్రీసుకి పైన, అడ్రియాటిక్ సముద్రానికి ఇవతల. సముద్రానికి అవతల ఇటలీ. మతాన్ని మూసేసిన 1967 నాటికి జనం దాదాపు 20 లక్షలు. ఇంత చిన్న దేశంలో నాలుగు మత సంప్రదాయాలు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు లెక్కల్లో దాదాపు 70 శాతం ముస్లింలు, 20 శాతం ఆర్థడాక్స్ క్రైస్తవులు, 10 శాతం క్యాథలిక్కులు. ఆ ముస్లింలలో మళ్లీ రెండు పాయలు: సున్నీలు, బెక్తాషీలు.

బెక్తాషీల గురించి ఒక్క మాట చెప్పాలి, మళ్లీ వస్తారు కాబట్టి. ఇది సూఫీ సంప్రదాయం. గురువుని బాబా అంటారు. వాళ్ల మఠాన్ని తెక్కె అంటారు. అలీని, కర్బలా అమరుల్ని కొలుస్తారు. మన ఊళ్లలో పీర్ల పండుగ చూసినవాళ్లకి ఆ దుఃఖం కొత్తగా అనిపించదు. టర్కీలో అతాతుర్క్ 1925లో సూఫీ మఠాలన్నీ మూసేశాక, బెక్తాషీలు తమ ప్రపంచ కేంద్రాన్ని అల్బేనియా రాజధాని టిరానాకి మార్చుకున్నారు. అంటే ఒక దేశం మూసేస్తే తలదాచుకోవడానికి ఈ దేశానికి వచ్చారు. వచ్చి నలభై ఏళ్లు తిరక్కుండానే ఇక్కడా మూసేశారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎందుకు చేశారు?

"కమ్యూనిస్టులు కదండీ, మతం అంటే పడదు, అందుకే" అంటే సరిపోదు. కమ్యూనిస్టు దేశాలు ఇంకా చాలా ఉన్నాయి. పోలండ్‌లో చర్చిలు కిటకిటలాడుతూనే ఉన్నాయి. మరి అల్బేనియాకే ఎందుకింత కసి? ఎన్వర్ హోజా కళ్లతో చూడాలి. మన దగ్గర వామపక్ష సాహిత్యం చదివినవాళ్లకి ఆ పేరు తెలిసే ఉంటుంది. 1908లో జిరోకాస్తర్ అనే ఊళ్లో ముస్లిం కుటుంబంలో పుట్టాడు, ఫ్రాన్స్‌లో కొంత చదివాడు, 1944 నుంచి 1985లో చచ్చిపోయేదాకా దేశాన్ని ఏలాడు.

ఆయన భయం ఏమిటి? దేశం ముక్కలైపోతుందని. అది ఊహల్లోంచి పుట్టిన భయం కాదు. దాదాపు అయిదు వందల ఏళ్లు ఒట్టోమన్ల కింద ఉండి, 1912 నవంబరు 28న స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే, మరుసటి ఏడాదే పెద్ద దేశాలు లండన్‌లో కూర్చుని గీతలు గీశాయి. కొసావో సెర్బియాకి పోయింది. అల్బేనియన్లలో దాదాపు సగం మంది సరిహద్దు బయట ఉండిపోయారు. గ్రీసేమో దక్షిణం మాది అంటుంది. 1939లో ఇటలీ వచ్చి ఏకంగా ఆక్రమించింది. ఇప్పుడు మతాల్ని దీని పక్కన పెట్టి చూడండి. క్యాథలిక్కుల పెద్ద రోమ్‌లో. సున్నీల చూపు ఇస్తాంబుల్ వైపు. ఆర్థడాక్స్ వాళ్ల ప్రార్థన భాష చాలాకాలం గ్రీకు. అల్బేనియన్ భాషలో ప్రార్థన చేయడానికి 1908లో ఫాన్ నోలి అనే ఆయన అమెరికాలోని బోస్టన్ వెళ్లాల్సి వచ్చింది! తర్వాత 1924లో ఆయనే కొన్ని నెలలు ప్రధానమంత్రిగా కూడా చేశారు, అది వేరే కథ. కాబట్టి హోజా దృష్టిలో ప్రతి గుడీ పరాయి దేశానికి తెరిచిన కిటికీ.

దీనికి ఒక పాత కవిత పనికొచ్చింది. 19వ శతాబ్దంలో పాష్కో వాసా అనే కవి, అల్బేనియన్ మతం అల్బేనియన్‌తనమే అని రాశాడు. చర్చి, మసీదు అని విడిపోకండి, దేశం చూడండి అని ఆయన ఉద్దేశం. ఆయన మాత్రం ష్కోదర్ పట్నం క్యాథలిక్, సుల్తాను కొలువులో లెబనాన్ గవర్నరు! కలిసి ఉండండి అని ఆయన రాసిన మాటని, మతమే ఉండకూడదు అనడానికి వాడుకున్నారు. కవుల మాటలకి ఈ గతి ఎక్కడైనా పట్టేదే.

సరే, ఎలా చేశారు? ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం. ఎందుకంటే 1967లో ఒక్క రోజులో మతాన్ని నిషేధించారు అని చెప్పుకోవడం అలవాటైపోయింది. అది సగమే నిజం. 1967లో మూసింది భవనాల్ని. వాటి లోపల ఉన్నదాన్ని అంతకు ముందు ఇరవై రెండేళ్లుగా ఒక్కొక్కటే లాగేస్తూ వచ్చారు.

మొదట భూమి. 1945 ఆగస్టులో భూసంస్కరణ. మఠాలకి, చర్చిలకి, వక్ఫ్‌కి ఉన్న పొలాలు పోయాయి. పేద రైతుకి భూమి దొరికింది, రైతు సంతోషించాడు. ఎందుకు సంతోషించడు? తర్వాత దాన్ని కూడా సమష్టి వ్యవసాయంలో కలిపేసుకున్నారు, అది పదేళ్ల తర్వాతి మాట. పొలం పోయాక గుడికి ఆదాయం లేదు. ఆదాయం లేని గుడి ప్రభుత్వం వైపు చూడాలి. అర్థమైంది కదా?

రెండోది పెద్దలు. ఎక్కువ దెబ్బ తిన్నది క్యాథలిక్కులు, ఎందుకంటే బడులు, ముద్రణాలయాలు, చదువుకున్న ఫాదర్లు వాళ్ల దగ్గరే ఎక్కువ. ష్కోదర్‌లో ఫ్రాన్సిస్కన్ల చర్చిలో ఆయుధాలు దొరికాయన్నారు. సిగురిమి, అంటే రహస్య పోలీసులే వాటిని అక్కడ పెట్టారని తర్వాత బయటపడింది. 1946 మార్చి 4న జెసూట్ ఫాదర్లు ఫౌస్తి, దాజాని ఇద్దర్నీ కాల్చి చంపారు. దుర్రస్ ఆర్చిబిషప్ ప్రెనుషి 1949లో జైల్లో చనిపోయారు. ఆర్థడాక్స్ వాళ్ల దగ్గర పద్ధతి వేరు. అక్కడ ఆర్చిబిషప్‌ని తీసేసి, చెప్పినమాట వినే మనిషిని కూర్చోబెట్టారు. బెక్తాషీల దగ్గర ఏం జరిగిందో చూడండి. 1947లో కొత్త ప్రభుత్వంతో చేతులు కలిపిన ఇద్దరు బాబాలు సంస్కరణలంటూ ప్రధాన గురువు అబాజ్ హిల్మి దగ్గరికి వెళ్లారు. ఆయన ఆ ఇద్దర్నీ కాల్చి, తననీ కాల్చుకున్నారు. లోపల ఎంత ఒత్తిడి ఉంటే అలా జరుగుతుందో ఆలోచించండి.

మూడోది చట్టం. 1949 నవంబరులో ఒక శాసనం వచ్చింది. పేరుకి మత సంస్థల్ని నియంత్రించడానికి. చదివితే ఏముంది? ప్రతి మతసంస్థా తన నియమావళికి మంత్రివర్గం అనుమతి తెచ్చుకోవాలి. పెద్దల ఎంపికకి ప్రభుత్వం ఒప్పుకోవాలి. గుళ్లో చదివే లేఖ కూడా ముందు చూపించాలి. బడి నడపకూడదు, ఆసుపత్రి నడపకూడదు, దానధర్మాలు చేయకూడదు. విదేశాల్లో ప్రధాన కార్యాలయం ఉన్న మఠాలు మూసేయాలి. 1951కి క్యాథలిక్ చర్చిని రోమ్ నుంచి కాగితం మీద విడదీసేశారు. గమనించారా? ఇంకా ఎవరూ ఏ గుడికీ తాళం వేయలేదు. గుడి ఉంది. దానికి పొలం లేదు, బడి లేదు, పుస్తకం లేదు, కొత్త పూజారిని తయారుచేసే చోటు లేదు. ఇంక తాళం వేయడానికి పెద్ద శ్రమ ఏముంది?

తాళం 1967లో. ఆ ఏడాది ఫిబ్రవరి 6న హోజా ప్రసంగం చేశాడు. చైనాలో సాంస్కృతిక విప్లవం నడుస్తోంది, అప్పటికి అల్బేనియాకి మిగిలిన ఒకే ఒక్క స్నేహితుడు చైనా. యుగోస్లావియాతో 1948లో చెడింది, సోవియట్‌తో 1961లో చెడింది. చైనాతో కూడా 1978లో చెడుతుంది, కంగారుపడకండి. ప్రసంగం అయిన వెంటనే దుర్రస్‌లో ఒక ఉన్నత పాఠశాల పిల్లలు ఉద్యమం మొదలుపెట్టారని పత్రికలు రాశాయి. ఆ బడి పేరు నయీమ్ ఫ్రాషరి. ఆయన ఎవరు? అల్బేనియన్ల జాతీయ కవి. కర్బలా మీద కావ్యం రాసిన బెక్తాషీ భక్తుడు! ఆయన పేరు పెట్టుకున్న బడి నుంచే ఇది మొదలైందంటే ఏమనాలి?

పిల్లల చేత చేయించడం ఊరికే కాదు. పోలీసు వచ్చి గుడి మూస్తే ఊరు పోలీసుని తిట్టుకుంటుంది. తన మనవడే వచ్చి మూస్తే తాత ఎవర్ని తిట్టాలి? ఊరూరా సభలు పెట్టారు, చేతులెత్తించారు, "మా గుడి మాకొద్దు" అని తీర్మానాలు రాయించారు. ఒప్పుకోనివాళ్ల మీద ఫ్లెతె-రుఫె అంటించేవాళ్లు. పిడుగు కాగితం అనుకోండి. పెద్ద అక్షరాలతో మనిషి పేరు, తప్పు రాసి నలుగురూ తిరిగే చోట గోడకి పెడతారు. సదరు మనిషి అదే గోడ మీద జవాబు రాసుకోవాలి. కొన్ని నెలల్లో పనైపోయింది. 2,169 మతకట్టడాలు మూసేశామని చెప్పుకున్నారు. నవంబరు 13న ఇంకో శాసనంతో మత సంస్థలకి ఉన్న పాత చట్టాలన్నీ రద్దు. చట్టం దృష్టిలో దేశంలో ఇక మతం లేదు. ప్రపంచంలో మొదటి నాస్తిక రాజ్యం మాదేనని గర్వంగా రాసుకున్నారు.

భవనాలు ఏమయ్యాయి? కూల్చినవి చాలా. కూల్చనివి పనిలో పెట్టారు. ష్కోదర్ క్యాథలిక్ కెథెడ్రల్ ఆటల హాలు అయింది, లోపల వాలీబాల్, బాస్కెట్‌బాల్. ఫ్రాన్సిస్కన్ చర్చి సినిమా హాలు అయింది. పల్లెల్లో గుళ్లు ఎరువుల గోదాములు, పశువుల కొట్టాలు. బతికి బయటపడ్డవి ఎలా బతికాయి? "సాంస్కృతిక కట్టడం" అనే ముద్రతో. టిరానా నడిబొడ్డున ఎథెం బే మసీదు అలాగే మిగిలింది. అర్దెనిత్స మఠం అయితే, జాతీయ వీరుడు స్కందర్‌బెగ్ పెళ్లి 1451లో అక్కడ జరిగిందన్న మాట వల్ల బతికింది. చర్చిల్లో కొలిచే పవిత్ర చిత్రాల్ని కోర్చా, బెరాత్ పట్నాల మ్యూజియాల్లో పెట్టారు. అదే బొమ్మ. ఇంట్లో ఉంటే నేరం, మ్యూజియంలో ఉంటే జాతి వారసత్వం. ఆ చిత్రాల్ని శ్రద్ధగా కాపాడిన నిపుణుల్లో కొందరు ఏ ఉద్దేశంతో కాపాడారో మనం ఊహించుకోవచ్చు.

తర్వాత 1976 డిసెంబరు రాజ్యాంగం. 37వ అధికరణం: రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదు, నాస్తిక ప్రచారాన్ని బలపరుస్తుంది. 55వ అధికరణం మత సంస్థల స్థాపనని నిషేధించింది. 1977 శిక్షాస్మృతిలో మత ప్రచారానికి, మత సాహిత్యం తయారుచేసినా పంచినా దగ్గర పెట్టుకున్నా మూడు నుంచి పదేళ్ల జైలు. పరిస్థితి తీవ్రమైతే మరణశిక్ష కూడా. కానీ చట్టం రాకముందే మనుషులు చచ్చిపోయారు. ష్టేఫెన్ కుర్తి అనే వృద్ధ ఫాదర్ ఒక పసిబిడ్డకి రహస్యంగా బాప్తిస్మం ఇచ్చినందుకు 1970ల మొదట్లో కాల్చి చంపారు. ఎర్నెస్ట్ సిమోని అనే ఇంకో ఫాదర్‌ని 1963 డిసెంబరు 24 రాత్రి, క్రిస్మస్ ప్రార్థన అవగానే పట్టుకెళ్లారు. మొదట మరణశిక్ష, తర్వాత దాన్ని కఠిన శిక్షగా మార్చారు, గనుల్లో పని. బయటికొచ్చాక ష్కోదర్‌లో మురుగు కాలవలు తీసే పని. 2016లో పోప్ ఆయన్ని కార్డినల్ చేశారు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. 1975 సెప్టెంబరులో ఒక శాసనం: రాజ్యానికి నచ్చని, అంటే మతం వాసన వచ్చే పేర్లు మార్చుకోవాలి. పుట్టే పిల్లలకి ఆమోదించిన జాబితాలోంచి పేరు పెట్టాలి. పాత ఇల్లీరియన్ పేర్లు వెతికి తీశారు: ఇలీర్, అగ్రోన్, తెవుత, బార్ధుల్. మార్క్స్, ఎంగెల్స్, లెనిన్ కలిపి మారెంగ్లెన్ అని పెట్టినవాళ్లూ ఉన్నారు. నవ్వకండి, మన దగ్గరా లెనిన్లు, స్టాలిన్లు ఉన్నారు. తేడా ఏమిటంటే మన దగ్గర తండ్రి ముచ్చటపడి పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. నా లెక్కలో అసలు కథ ఇక్కడుంది.

మసీదు లేదు, చర్చి లేదు, ఫాదర్ జైల్లో, మౌల్వీ సమష్టి క్షేత్రంలో పని చేస్తున్నాడు. ఇల్లు మిగిలింది. ఇంటిని ఎలా పట్టుకుంటారు? తిండితో పట్టుకున్నారు. రంజాను నెలలో మధ్యాహ్నం బళ్లో, ఫ్యాక్టరీలో తిండి పంచేవాళ్లు. ఈస్టరుకి ముందు ఉపవాస దినాల్లో పాలు, జున్ను, మాంసం ఇచ్చేవాళ్లు. తిననివాడి పేరు రాసుకునేవాళ్లు, అందరి ముందూ నిలదీసేవాళ్లు. ఈస్టరుకి గుడ్లకి ఎర్రరంగు వేయడం అక్కడి ఆచారం. ఈస్టరు మర్నాడు టీచరు పిల్లల్ని అడుగుతుంది: "మీ ఇంట్లో ఎర్ర గుడ్లు వండారా?" ఆరేళ్ల పిల్లకి అబద్ధం చెప్పడం చేతకాదు. అందుకని నానమ్మలు ఏం చేశారు? రంగు వేసిన గుడ్డు పిల్లలు పడుకున్నాక వలిచి, పెంకులు మట్టిలో పాతేశారు. ఆ తెల్లటి గుడ్డు పొద్దున పిల్లకి పెడితే, అది మామూలు గుడ్డు. ఇంక అబద్ధం చెప్పే పని లేదు.

ఇక్కడే ఆగండి. ఈ ఏర్పాటులో నష్టం ఎవరికి? పోలీసుకా? కాదు. పిల్లకి. పండుగ నానమ్మకి జరిగింది, పిల్లకి జరగలేదు. పిల్ల తిన్నది ఉత్త గుడ్డు. నానమ్మ పోలీసు నుంచి పండుగని కాపాడింది, కానీ దాన్ని కాపాడాలంటే పిల్లకి తెలియకుండా చేయాల్సి వచ్చింది. ఇలా ఇరవై మూడేళ్లు జరిగితే ఏమవుతుంది? నిషేధం నమ్మకాన్ని కాల్చి చంపక్కర్లేదు. ఒక తరం నుంచి ఇంకో తరానికి అందే దారిలో భయాన్ని కూర్చోబెడితే చాలు.

ఆ భయానికి ఒక పేరుంది, బియోగ్రఫి. ప్రతి మనిషికీ, ప్రతి కుటుంబానికీ ఒక చరిత్ర రాసి ఉంటుంది. మీ తాత ఎవరు, మేనమామ ఎవరు, ఎవరు జైలుకెళ్లారు, ఎవరు సరిహద్దు దాటి పారిపోయారు. అందులో మచ్చ పడితే అది ఒక్కరితో పోదు. కొడుక్కి విశ్వవిద్యాలయంలో సీటు రాదు, ఎందుకంటే మార్కులుంటే చాలదు, వాడలో ఉన్న డెమోక్రటిక్ ఫ్రంట్, అంటే పార్టీ అనుబంధ సంస్థ, దాని కమిటీ మంచి మాట చెప్పాలి. కూతురికి మంచి సంబంధం రాదు. ఇంకా ముదిరితే కుటుంబం మొత్తాన్ని ఊరి నుంచి లేపి లుష్న్య దగ్గర బురద పల్లెల్లో పడేస్తారు, రోజుకి రెండుసార్లు హాజరు చెప్పుకుంటూ ఉండాలి. ఇప్పుడు చెప్పండి, నా ప్రాణం పోయినా ఫర్వాలేదు అనే ధైర్యవంతుడు ఎక్కడైనా దొరుకుతాడు. నా మనవరాలి పెళ్లి ఆగిపోయినా ఫర్వాలేదు అనేవాడు ఎంతమంది దొరుకుతారు?

అయినా నిలిచినవి ఉన్నాయి. ఏవి నిలిచాయో చూస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది. పుస్తకం కావాల్సినవి పోయాయి. అరబీ చదవడం, ప్రార్థన క్రమం, ధర్మబోధ, ఇవన్నీ పోయాయి. చేత్తో, కాలితో చేసేవి మిగిలాయి. పసిబిడ్డ నుదుటి మీద నీళ్లు చల్లి నానమ్మే శిలువ గుర్తు వేసేది. చనిపోయినవాళ్లకి దీపం పెట్టేవాళ్లు. లాచ్ పట్నం పైన కొండ మీద సెయింట్ ఆంథొనీ క్షేత్రం ఉంది. చర్చిని నేలమట్టం చేశారు. అయినా జనం రాత్రిపూట ఎక్కి ఆ రాళ్ల దగ్గరికి వెళ్తూనే ఉన్నారు, వాళ్లలో ముస్లింలు కూడా ఉండేవాళ్లు. గుడి కూల్చొచ్చు, కొండని ఏం చేస్తారు? వంటిల్లు కూడా అంతే. సరిహద్దులో విదేశీయుడి సంచిలో బైబిలు లాక్కునేవాళ్లు, గడ్డం ఉంటే గీయించుకోమనేవాళ్లు. వాటికన్నా గాలిలో వచ్చేవాటిని ఆపడం కష్టమైంది. వాటికన్ రేడియో అల్బేనియన్ భాషలో ప్రసారం చేసేది, శబ్దం బాగా తగ్గించి వినేవాళ్లు.

ఖాళీ అయిన చోట రాజ్యం ఏం పెట్టింది? తన పండుగలు పెట్టింది. క్రిస్మస్ చెట్టు డిసెంబరు 31కి జరిగి కొత్త సంవత్సరం చెట్టు అయింది, దాని చుట్టూ కుటుంబ విందు. పిల్లలు "ఎన్వర్ పయనీర్లు" అయి ఎర్ర కండువా కట్టుకున్నారు. 1968లో బెరాత్ దగ్గర ష్పిరాగ్ కొండ మీద సైనికులు, యువకులు రాళ్లు పేర్చి, తెల్లరంగు వేసి, మైళ్ల దూరానికి కనబడేలా "ఎన్వర్" అని రాశారు. తర్వాత చాలా ఏళ్లకి ఎవరో మొదటి రెండు అక్షరాలు అటూ ఇటూ మార్చి, ఇంగ్లీషులో "నెవర్" అని చదివేలా చేశారు. అదిప్పటికీ ఉంది, పర్యాటకులు ఫొటోలు తీసుకుంటారు.

న్యాయంగా ఒక సంగతి ఒప్పుకోవాలి. యుద్ధానికి ముందు పదిమందిలో ఎనిమిదిమందికి చదవడం రాని దేశం అది. బడులు పెట్టారు, చదువు నేర్పారు, మలేరియాని తరిమారు, 1970కి ప్రతి పల్లెకీ కరెంటు వచ్చింది. ఆడవాళ్లు బయట పనికి వచ్చారు, రక్తపగల్ని ఆపారు. మత నిషేధాన్ని సమర్థించేవాళ్లు ఇదంతా ఒకే మూట కట్టి చూపిస్తారు. కానీ పిల్లకి బడి పెట్టడానికి నానమ్మ గుడ్డు పెంకులు పాతిపెట్టక్కర్లేదు కదా? ఆ మూట విప్పి చూడాలి. అన్నట్టు, 1991 తర్వాత ఉత్తరాన కొండల్లో రక్తపగలు మళ్లీ తలెత్తాయి. అణిచిపెట్టింది పోయిందనుకోవడం మతం విషయంలోనే కాదు, అక్కడా తప్పింది.

ఈ కథకి మనకి ఒక నిజమైన చుట్టరికం ఉంది. మదర్ థెరెసా. ఆవిడ పుట్టింది 1910లో స్కోప్యేలో, అంటే ఇప్పటి ఉత్తర మాసిడోనియా రాజధానిలో, అల్బేనియన్ క్యాథలిక్ కుటుంబంలో. ఆవిడ భారతదేశం వచ్చాక తల్లి, అక్క టిరానాకి మారారు. తర్వాత తలుపులు మూసుకున్నాయి. కలకత్తా నుంచి ఆవిడ తల్లిని చూడ్డానికి అనుమతి అడిగారు, ఇవ్వలేదు. తల్లిని బయటికి పంపమన్నారు, పంపలేదు. 1972లో తల్లి పోయింది, కొద్దికాలానికి అక్క కూడా పోయింది. మదర్‌కి నోబెల్ వచ్చింది 1979లో. అయినా 1989 ఆగస్టు దాకా ఆ దేశంలో అడుగు పెట్టనివ్వలేదు. అప్పుడు వెళ్లి తల్లి సమాధిని, అక్క సమాధిని చూశారు. హోజా సమాధి దగ్గర కూడా పూలు పెట్టారు, హోజా భార్యని కలిశారు. దీన్ని కొందరు విమర్శించారు కూడా. మీరు ఏమనుకున్నా మీ ఇష్టం. నాకైతే, అనుమతి ఇచ్చే చేతులు ఎవరివో ఆవిడకి బాగా తెలుసు అనిపిస్తుంది. ఇప్పుడు టిరానా విమానాశ్రయం పేరు ఆవిడదే.

ముగింపు త్వరగా వచ్చింది. 1990 మేలో శిక్షాస్మృతిలోంచి మత నేరాలు తీసేశారు. ఆ ఏడాది నవంబరు 4న ష్కోదర్ శ్మశానంలో సిమోన్ జుబాని అనే ఫాదర్ బహిరంగంగా ప్రార్థన జరిపించారు. ఆయన జైల్లో గడిపింది 26 ఏళ్లు. ఎందుకు శ్మశానంలో? చర్చి ఆటల హాలు కదండీ! నవంబరు 16న అదే ఊళ్లో సీసపు మసీదు దగ్గర హాఫిజ్ సబ్రి కోచి నమాజు చేయించారు. ఆయన జైలు కూడా ఇరవై ఏళ్లకి పైనే. గమనించండి, ఒకరి ప్రార్థనకి ఇంకొకరు వెళ్లారు. 1991 జనవరి 18న అనుమతి లేకుండానే టిరానాలో ఎథెం బే మసీదు తెరిచి వేలమంది లోపలికి వెళ్లారు.

తెరిచారు. సరే. లోపల ప్రార్థన చేయించేది ఎవరు? ఇక్కడ లెక్క చూడండి. ఆర్థడాక్స్ చర్చిలో ఒకప్పుడు 440 మంది మతాచార్యులు. మిగిలింది 22 మంది, అందరూ ముసలివాళ్లు. బిషప్ ఒక్కరు కూడా లేరు. చివరికి గ్రీసు నుంచి అనస్తాసియోస్‌ని తెచ్చుకుని 1992లో ఆర్చిబిషప్ చేసుకున్నారు. క్యాథలిక్కులకి నలుగురు బిషప్పుల్ని నియమించడానికి 1993 ఏప్రిల్ 25న పోప్ జాన్ పాల్ స్వయంగా వచ్చారు. అరబ్ దేశాల సంస్థలు, టర్కీ వాళ్లు మసీదులు కట్టించారు, ఇమాముల్ని చదివించారు. అంటే హోజా ఏ కిటికీల గురించి భయపడ్డాడో, నిషేధం వల్ల అవే పూర్తిగా తెరుచుకున్నాయి. ఇంట్లో బోధించేవాడు మిగలకపోతే బయటివాణ్ణి పిలవక తప్పదు. అందులో మంచివాళ్లు వచ్చారు, తమ దేశపు గొడవలు మోసుకొచ్చినవాళ్లూ వచ్చారు. వాళ్లకీ వీళ్లకీ తేడా తెలియాలంటే తాత దగ్గర విన్నది కొంతైనా గుర్తుండాలి.

జనం ఏమయ్యారు? నాస్తికులయ్యారా? 2011 జనాభా లెక్కల్లో నాస్తికులమని రాయించుకున్నది 2.5 శాతం. ఇరవై మూడేళ్ల నిషేధం, జైళ్లు, మ్యూజియాలు అన్నీ కలిపి 2.5 శాతం. 2023 లెక్కల్లో 3.6. కానీ నేను మిమ్మల్ని చూడమనేది ఆ అంకె కాదు. దాని పక్కన ఇంకో గడి ఉంది: "దేవుణ్ణి నమ్ముతాను, ఏ మతానికీ చెందను". 2011లో 5.5 శాతం ఉన్నది 2023 నాటికి 13.8 అయింది. జవాబే ఇవ్వనివాళ్లు ఇంకో 15.8. ముస్లింలు 45.9, క్యాథలిక్కులు 8.4, ఆర్థడాక్స్ 7.2, బెక్తాషీలు 4.8. యుద్ధానికి ముందు ఉన్న 70, 20, 10 తో పోల్చి చూడండి. వలసలు, జననాల్లో తేడాలు, లెక్క తీసిన తీరు మీద గొడవలు, ఇవన్నీ ఉన్నాయి. అన్నిటికీ నిషేధమే కారణం అనను. కానీ ఆ 13.8 శాతంలో, నానమ్మ ఏదో చేసేది అని తెలుసు, ఏం చేసేదో తెలీదు అనేవాళ్లు ఎక్కువ ఉంటారని నా అంచనా.

సమయం మించింది, ప్రశ్నలకి ఓ పావుగంట ఉంది. ముందు ఆ కిటికీ పక్కన అమ్మగారు చాలాసేపట్నుంచి చెయ్యెత్తారు, అడగండమ్మా.